పట్టు పడిన చప్పుడు

మొన్న అమలాపురం బస్టాండులో ఒక పాత బస్సు వచ్చి సరిగ్గా నా ముందే ఆగింది. దాని కింద నుంచి మాడిన ఆయిలు వాసన గుప్పుమంది. పక్కవాళ్లు ముక్కులు మూసుకుని జరిగారు. నేను మాత్రం కదలలేకపోయాను. ఆ వాసనతో పాటే భీమరాజు మేస్త్రీ గారు కళ్ల ముందుకొచ్చారు.

యాభైల చివర్లో మాట. డిప్లమా చేతికొచ్చి ఏడాదైనా కాకుండానే, ముక్తేశ్వరం దగ్గర గోదావరి గట్టు పనులు చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. మా వైపు తవ్వితే మట్టే తప్ప రాయి దొరకదు. గట్టుకు కావలసిన రాళ్లు పడవల మీద రేవుకి వచ్చేవి. అక్కడి నుంచి గట్టు బలహీనపడిన చోటికి అయిదారు మైళ్లు మోయాలి. అందుకోసం కాంట్రాక్టరు ఒక పెద్ద అమెరికా లారీని పాతది కొని, బల్లకట్టులాంటి పంటు మీద గోదావరి దాటించి తెచ్చాడు. దానికి క్లచ్ పెడలు లేదు. గేర్లు వాటంతటవే మారేవి. దాన్ని నడిపే సత్తిరాజు నెమ్మదైన మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడైనా నన్ను ‘అయ్యగారూ’ అనే పిలిచేవాడు.

వేసవి ముగిసే వేళకి లారీ మొరాయించింది. ఇంజను గోల పెట్టేది గానీ బండి అంతకు తగ్గట్టు కదిలేది కాదు. ఆయిలు మసిలిపోయేది. నేను చదివిన పుస్తకంలో, ఇలాంటి బండికి క్లచ్ బదులుండే టార్క్ కన్వర్టర్ గురించి ఒక పేజీ ఉంది. ఆయిల్లో ఎదురెదురుగా రెండు చక్రాలుంటాయి, ఒకటి తిరిగితే ఆయిలు తోపుకి రెండోది తిరుగుతుంది, అంతే. ఆ పేజీని నమ్ముకుని, డ్రైవరు ఎడాపెడా యాక్సిలరేటరు తొక్కి గేరుబాక్సు మాడ్చేశాడని రిపోర్టు రాసిచ్చాను. కాంట్రాక్టరు ఆ రోజే సత్తిరాజుని పనిలోంచి తీసేశాడు. అతను ఏదో చెప్పబోయి, నేను వినిపించుకోకపోతే తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

గేరుబాక్సు విప్పి మద్రాసు పంపడానికి కొత్తపేట నుంచి భీమరాజు గారిని పిలిపించాం. యుద్ధం రోజుల్లో మిలటరీలో చేరి, పదేళ్లకు పైగా వర్క్‌షాపుల్లో పనిచేసి వచ్చి, కొత్తపేటలో మోటారు రిపేరు షెడ్డు పెట్టుకున్న మనిషి. ఆయన రెంచీ పట్టుకోలేదు. బండి కిందకు దూరి చాలాసేపు చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అడిగారు.

“బాబుగారూ, ఇది పట్టున్న బండో, పట్టు లేని బండో చూసేరాండీ?”

“పట్టేమిటండీ?”

“కొన్నిటికి ఆ రెండు చక్రాలనీ కలిపి బిగించేసే పళ్లెం ఒకటి ఉంటదండి. లాకప్ అంటారు. బండి వేగం అందుకున్నాక ఆయిలు పీడనంతో బిగుసుకుంటది. ఇంక జారడం ఉండదు. దీనికి ఆ పళ్లేనికి వెళ్లే గొట్టం వేరేగా ఉందండి. ఉన్నది పనిచేస్తందో లేదో తేలాలంటే రోడ్డెక్కాలి. నడిపినాయన్ని పిలిపించండి.”

నాకు మొహం చెల్లలేదు. అయినా కబురు పెట్టాను. సత్తిరాజు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. రాళ్ల లోడుతో అయినవిల్లి వైపు బయలుదేరాం. పై గేరు పడ్డాక మేస్త్రీ గారు నన్ను కళ్లు మూసుకోమన్నారు.

“గేరు మారకుండానే ఇంజను చప్పుడు ఒక మెట్టు దిగాలండి. దిగితే పట్టు పడినట్టు. అప్పుడు పెడలు కాస్త నొక్కితే చప్పుడూ బండీ కలిసి లేస్తాయి. వినండి.”

ఎంత దూరం వెళ్లినా చప్పుడు దిగలేదు. పెడలు నొక్కగానే ఇంజను ముందు అరిచేది, బండి తర్వాతెప్పుడో అందుకునేది.

“నేనీ మాటే చెప్పబోయేనండి, ముందు ఇలా ఉండేది కాదని,” అన్నాడు సత్తిరాజు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. నిజమే. అతను చెప్పబోతే నేనే వినలేదు.

తిరిగొచ్చి ఆయిలు దింపి, ఆ పళ్లేనికి ఆయిలు పంపే వాల్వు విప్పారు. కదలకుండా ఇరుక్కుపోయి ఉంది. సందులో నూలు పీచు. అది చూడగానే నాకు గుర్తొచ్చింది. నెల కిందట ఆయిలు మార్పించింది నేను. లోపల నూలుపోగుల వేస్టుతో తుడిపించిందీ నేనే. ఆ రోజు సత్తిరాజు అక్కడ లేనే లేడు. మేస్త్రీ గారు నా మొహం చూశారు, పీచుని కాగితంలో మడిచి నా చేతిలో పెట్టారు.

“ఎవరు తుడిచేరో నేనడగనండి,” అన్నారు నెమ్మదిగా. “తమరు చదువుకున్నోరు. రాసిందాన్ని దిద్దడం కూడా తమకే వచ్చు.”

ఆ మధ్యాహ్నం రెండో రిపోర్టు రాశాను, తప్పు నాదని. కాంట్రాక్టరు అందరి ముందూ నన్ను కడిగేశాడు. రేపటి నుంచి బండి వైపు రావద్దన్నాడు. పక్కన నిలబడ్డ భీమరాజు గారు కలగజేసుకున్నారు.

“ఆయ్, ఒక్క మాటండీ. దాచాలంటే దాచేద్దురాయన. దాచలేదు. బండి ఆయన చేతికిందే ఉంచండి, నేను చూసుకుంటాను.”

సత్తిరాజు మళ్లీ పనిలోకొచ్చాడు. వాల్వు శుభ్రం చేసి బిగించాక ముగ్గురం అదే దారిన వెళ్లాం. కొబ్బరితోటలు దాటుతుండగా చప్పుడు ఒక్కసారిగా మెత్తగా ఒక మెట్టు దిగింది. సత్తిరాజు నా వైపు చూసి నవ్వాడు. నేను క్షమించమన్నాను. “సరేలెండి, నేర్చుకున్నారు కదా,” అన్నాడు. వరద వచ్చేలోపే గట్టుకి రాయి పడింది.

ఆ తర్వాత రెండేళ్లపాటు నా ఆదివారాలన్నీ కొత్తపేట షెడ్డులోనే గడిచాయి. ఏ బండికి పట్టుందో చూసి, విని, తడిమి గుర్తుపట్టడం ఆయన ఓపిగ్గా నేర్పారు. నేను పొరపాటు చెప్పిన ప్రతిసారీ “మళ్లీ వినండి” అనేవారు, అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. తనకి తేలనప్పుడు ఎందరున్నా ‘నాకు తెలీదండి, నడిపి చూద్దాం’ అనేవారు. ఆయన పోయి చాలా కాలమైంది.

పెద్ద వర్క్‌షాపుకి అధికారినయ్యాక డ్రైవర్ల మీద ఫిర్యాదు కాగితాలు నా బల్ల మీదకి చాలా వచ్చేవి. సంతకం పెట్టమని నిలబడ్డ కుర్ర ఇంజనీర్లని, నాకు తెలీదు బాబూ, ముందు ఆ డ్రైవరు పక్కన కూర్చుని ఓ అయిదు మైళ్లు వెళ్లొద్దాం రండి, అనేవాణ్ణి. కొందరు లోలోపల నవ్వుకునేవారు. వెళ్లొచ్చాక తప్పు బండిదని తేలి, చాలా కాగితాలు సంతకం లేకుండానే చిరిగిపోయేవి. ‘నాకు తెలీదు’ అని పదిమందిలో సిగ్గుపడకుండా అనగలగడం భీమరాజు గారు నాకిచ్చి వెళ్లింది. దానితోనే ఇన్నేళ్లూ బతికాను.