ఇరవై నిమిషాలు, మళ్ళీ ఇరవై

1998లో స్టాఫ్ నర్సుగా నన్ను రొద్దం వైపు ఒక పల్లె ఆరోగ్య కేంద్రానికి వేశారు. అక్కడి డాక్టరు మస్తాన్ వలి ఆ ఊరి మనిషే. సైకిళ్ళు రిపేరు చేసే ఇంట్లో పుట్టి, ఆ ఊరి నుంచి రష్యా వెళ్ళి వైద్యం చదివిన మొదటి మనిషి. పాము కరిచినవాళ్ళు హిందూపురం ఆసుపత్రి చేరేలోపే దారిలో పోవడం చిన్నప్పటి నుంచీ చూశారు కాబట్టే తిరిగొచ్చారు. అయినా ఊళ్ళో సగం మంది మంత్రగాడి గడప తొక్కాకే మా మెట్లెక్కేవారు.

శనగకాయ పీకే రోజుల్లో ఒక ఉదయం నరసప్ప అనే రైతు తన భార్య లక్ష్మక్కను ట్రాక్టరులో తెచ్చాడు. పాదం మీద కాటు, పిక్కకు బిగించిన పగ్గం. మంత్రం వేయించకుండా నేరుగా మా దగ్గరికే తెచ్చాడని అతని అన్నదమ్ములు వాకిట్లో కారాలు మిరియాలు నూరుతున్నారు. ఆమెకేమైనా అయితే ఇక ఆ ఊళ్ళో ఎవరూ మా ముఖం చూడరు.

కరిచింది ఏ పామో ఎవరూ చూడలేదు. అలాంటప్పుడు కొంచెం రక్తం గాజు టెస్ట్ ట్యూబులో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తాం. గడ్డకడితే రక్తానికి విషం ఎక్కనట్టు, నీళ్ళలా జారితే ఎక్కినట్టు. ఎక్కితే విరుగుడు మందు పెట్టాలి. ఆ మందూ సామాన్యమైనది కాదు. పడకపోతే ఊపిరాడక మనిషి పోవచ్చు. అందుకే ఊరికే ఇవ్వరు.

ట్యూబు వంచగానే రక్తం జారింది. డాక్టరు మందు కలపమన్నారు. సీసా అందుకున్న నా చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆ ట్యూబును ముందురోజు నేనే సబ్బుపొడితో తళతళా కడిగాను. సబ్బు అంటిన గాజులో మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చని, ఈ పరీక్షకు కొత్త ట్యూబే తీయాలని నేను చేరిన రోజే ఆయన చెప్పారు. శుభ్రంలో నాకెవరూ సాటిరారని మిడిసిపడేదాన్ని కదా, చెవికెక్కలేదు. అవతల ఆమె ప్రాణం, ఇవతల నా ఉద్యోగం. నాకు ముందుగా గుర్తొచ్చింది ఉద్యోగమే, దాచను.

చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. కొత్త ట్యూబులోకి మళ్ళీ రక్తం తీసి, మందు పక్కనే సిద్ధంగా పెట్టించి, నరసప్పను లోపలికి పిలిచారు.

"మామా, పరీక్ష మా చేతిలో తప్పింది. ఇంకో ఇరవై నిమిషాలు కావల్ల. నాక్కూడా భయంగానే ఉండాది."

నరసప్ప భార్య మంచం పక్కకు వచ్చాడు. "మంత్రగాడు ఎప్పుడూ తప్పినానని చెప్పలేదప్పా. చూడు, ఈడే కూచుంటా" అన్నాడు.

కొన్ని పాముల విషానికి ముందు రెప్పలు వాలిపోతాయి కాబట్టి, ఆ ఇరవై నిమిషాలూ నేను లక్ష్మక్క కనురెప్పలనూ గోడ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. ట్యూబు వంచితే రక్తం కదల్లేదు, గడ్డకట్టింది. పగ్గం మెల్లగా వదులు చేసి, రోజంతా మళ్ళీ మళ్ళీ పరీక్షించాం. విరుగుడు మందు అవసరమే రాలేదు, మూడో రోజు ఆమె నడిచి ఇంటికి వెళ్ళింది.

నాకు మెమో వచ్చింది, సంతకం పెట్టి తీసుకున్నాను. ఆ తర్వాత నా కింద చేరిన ప్రతి నర్సుకూ ఈ సంగతి చెప్పేదాన్ని. తప్పు తెలిసినప్పుడు భయం తగ్గేదాకా ఆగొద్దు, భయపడుతూనే చెప్పండి అని.