కాల్వలో పోయమన్న రంగు బొబ్బిలి గోడకెక్కింది

మిగిలిన రంగును మురుగుకాల్వలో పోయించడం తప్పు. విజయనగరంలో నేను రంగులేసిన అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు చేసింది అదే. "ఈ అడుగూబొడుగూ ఎవరిక్కావాలయ్యా" అంటూ రెండు బకెట్లు నా కళ్లముందే వాచ్‌మన్ చేత పోయించారు. ఆ కాల్వ వెళ్లి పడేది వరిమడుల్లోకి. గట్టిగా అరిచాను. ఆరు బకెట్లు నాకు పడేసి, ఇంకో మూడు సెల్లార్‌లో పెట్టి తాళమేశారు. ఆ ఆరింటితో బయల్దేరాను.

బొబ్బిలిలో ఒక వీధి ఆడవాళ్లు ఇళ్లలో మిగిలిన రంగులు పోగుచేసి, ఒకటిగా కలిపి, వెలిసిపోయిన గోడలకు వేస్తారని తోటి పెయింటర్ చెప్పాడు. ఈసారి వాళ్ల అంగన్‌వాడీకి. సోమవారానికల్లా పిల్లలొచ్చేస్తారు. ఇవాళ, శనివారం, ఉదయం ఏడింటికి బస్సెక్కితే, బకెట్లు చూసి కండక్టర్ దింపేశాడు. మీరు బస్సును నమ్ముకోకండి. ఆర్టీసీ కాంప్లెక్స్ బయట ఖాళీగా వెళ్లే ట్రాలీ ఆటో అడగండి. నాకు మూడొందలకు కుదిరింది. గజపతినగరంలో టీకి ఆగినా, రామభద్రపురం మీదుగా రెండు గంటల్లో చేరాం.

"ఏటి బావా, ఇన్ని బకెట్లు? ఇల్లు కట్టేసినావేటి?" అన్నాడు డ్రైవర్.

"నాకు అద్దిల్లే గతి."

"మరి ఊరోల్ల గోడల కోసం నీకేటంత మంట?"

మొహం తిప్పుకున్నాను.

అంగన్‌వాడీ ముందు పెద్ద డ్రమ్ము. అందులో సగానికి పైగా లేతపసుపు, వీధంతా ఇచ్చింది. ఈ పని మొదలుపెట్టిన గౌరమ్మ గారు దాని పక్కనే కూర్చున్నారు. నేను ఎమల్షన్, అంటే నీళ్లలో కలిసే గోడరంగు, అని రాసున్న బకెట్ మూత తీసి డ్రమ్ములోకి వంచబోయాను.

"ఒరే, ఆగు! సూడకుండా పోసెత్తావేటి?"

ఆవిడ రంగులో వేలు ముంచి కుళాయి కింద పెట్టారు. పోలేదు. జిడ్డుగా అంటుకుంది. ఆయిల్ పెయింట్! ఖాళీ బకెట్ కనిపిస్తే అందులో ఏదైనా పోసేయడం మా పెయింటర్ల పాడలవాటు. తలుపులకు వేయగా మిగిలింది అందులో పోసింది నేనే. నీళ్ల రంగులో అది పడితే ముద్దలు కట్టి డ్రమ్మంతా పారబోయాల్సిందే. గబుక్కున మూత బిగించేశాను.

మిగతా ఐదూ వేలితో చూశాం. ఐదూ నీళ్లకు పోయాయి. వాటినే డ్రమ్ములో పోశాం.

"బెదిరిపోకు. ఆ జిడ్డుది కిటికీలకి పనికొస్తాది. ముందు ఇంత గంజన్నం తిను" అన్నారు గౌరమ్మ గారు.

సాయంత్రానికి మూడు గోడలయ్యాయి. ఐదున్నర బస్సులో తిరిగొస్తుంటే ఒళ్లంతా తేలికపడింది. కోపం పోలేదు గానీ, ఇందాక నేను చేయబోయిన నష్టం సెక్రటరీ గారు చేసినదానికన్నా పెద్దదని కూడా తెలుసు. మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: బకెట్ మీది పేరును నమ్మకండి, వేలు ముంచి కడిగి చూశాకే ఎక్కించండి.

సెక్రటరీ గారూ, నాలుగో గోడకు రంగు చాల్లేదు. సెల్లార్ తాళం తీసి ఆ మూడు బకెట్లూ ఇవ్వండి. ఇస్తారో ఇవ్వరో రేపు, ఆదివారం, ఉదయం ఎనిమిదిలోగా చెప్పండి. తొమ్మిదింటికి ఆటో బయల్దేరుతుంది.