చెలమ దగ్గర వరస

ఎండాకాలం పొద్దున్నే వంకలోకి దిగగానే, కడవ దించకముందే సుంకమ్మ అడిగే మాట ఒకటే: "నిన్న ఆఖరెవురు?"

బెళుగుప్పకు పడమటగా ఉన్న ఆ పల్లెలో ఈ ప్రశ్న పుట్టింది యాభై రెండు కరువులో. బావులు ఎండిపోయాయి. ఎడ్లబండ్లున్న ఇళ్ళన్నీ తుంగభద్ర వైపు వెళ్ళిపోయాయి. ఊరిపెద్ద లేడు, కరణం లేడు, తగవు తీర్చే మనిషే లేడు. మిగిలింది మాలగేరి, కదల్లేని కొందరు, అంగడి వదలనని మొండికేసిన శెట్టెమ్మ వెంకటలక్ష్మమ్మ. వంక ఇసుకలో తవ్వుకున్న చెలమ ఒక్కటే అందరికీ దిక్కు. ముందు తోడుకున్నవాళ్ళకు తేట నీళ్ళు, ఆఖరివాళ్ళకు బురద. మొదట్లో రోజూ కొట్లాటే. కడవలు పగిలాయి, ఒకరి తల కూడా పగిలింది.

మాలగేరి సుంకమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. నిన్న ఆఖర్న తోడుకున్నవాళ్ళు ఈ రోజు ముందు. ఏ కులమైనా సరే. అంతకుముందు ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరో పోస్తే తప్ప కడవ నిండని మనిషి ఆమె.

"నేను నీ ఎనక నిలబడాల్నా?" అంది వెంకటలక్ష్మమ్మ.

"ఈ పొద్దు నిలబడు శెట్టెమ్మా. రేపు నీదే ముందు."

దాహం ఆమెను నిలబెట్టింది.

మరుసటి ఏడు నాలుగు చినుకులు పడ్డాయని బండ్లు తిరిగొచ్చాయి. బావులింకా ఊరలేదు. ఊరిపెద్ద ఈశ్వరప్ప కోడలితో వచ్చి, తమ కడవలు అన్నిటికన్నా ముందు పెట్టించాడు.

"జరుగు సుంకీ. వరస మర్సిపోయినావా?"

"నువ్వు పోతాపోతా ఆ వరస గూడా బండికెత్తుకొని పోయినావు గదప్పా. ఇది మేం చేసుకున్న వరస. ఎనక నిలబడు."

"రేపు కూలికి యాడికి పోతావో సూస్తా."

"సూడు. నీళ్ళకైతే ఈడికే వస్తా."

ఈశ్వరప్ప వెంకటలక్ష్మమ్మ వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు శెట్టెమ్మా."

ఆమె తన కడవను సుంకమ్మ కడవకు ఆనేలా జరుపుకుంది. "నాది దీని ఎనక. నడాన దూరొద్దు నాయనా, ఎండ ముదురుతాండాది."

అతను ఇంకేదో అనబోయేలోగా, కోడలు కడవలు తీసి చివరికి తీసుకుపోయింది. ఆ రోజు వాళ్ళకు బురదే దక్కింది. మర్నాడు సుంకమ్మ ముందుగా వాళ్ళనే పిలిచింది.

ఆ తర్వాత ఈశ్వరప్ప తన పొలాల్లోకి ఆమెను పనికి రానివ్వలేదు. సుంకమ్మ బెళుగుప్ప రోడ్డు పనిలో కంకర కొట్టుకుని బతికింది.