జేబుల్లో చేతులు

నేర్పేటప్పుడు డాక్టర్ స్నేహలత రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంటుంది. మెదక్‌లో ఆ దవాఖాన ఎమర్జెన్సీ వార్డులో అందరికీ తెలిసిన సంగతి.

నర్సాపూర్‌లో ఆమె తండ్రి బక్కయ్య ట్రాక్టర్ నడిపేవాడు. బిడ్డకు నేర్పినప్పుడు పక్కన మడ్‌గార్డు మీద కూర్చొని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. బండి గట్టు ఎక్కబోయినా తీయలేదు. "నేను పట్టుకుంటే నువ్వు నన్ను చూస్తవు. దారి చూడవు" అన్నాడు.

నాట్ల కాలం. పాపన్నపేట నుంచి ఆటోలో దేవికను తెచ్చారు. పొలంలో నాగుపాము కరిచింది. విరుగుడు మందు ఎక్కుతోంది. అది పనిచేసేలోపే విషం ముందుకు పోయింది. కనురెప్పలు వాలాయి. తల నిలవడం లేదు. ఛాతీ కదలడం తగ్గుతోంది. గొంతులోకి గొట్టం వేసి ఊపిరి అందించాలి.

"నువ్వే వెయ్యి నిస్సీ" అంది స్నేహలత.

నిస్సి ట్రైనింగ్‌కు వచ్చిన డాక్టర్. ఇప్పటిదాకా రబ్బరు బొమ్మకే వేసింది. వచ్చే వారం నుంచి డ్యూటీలో ఒక్కతే ఉండాలి.

దేవిక అత్త నిర్మలమ్మ మంచం అంచు పట్టుకుంది.

"పెద్ద మేడమ్, మీరు చెయ్యరేంది? మా పిల్ల మీద నేర్చుకుంటున్రా?"

"జర ఆగుండ్రి అమ్మా. నేనీడనే ఉన్న."

"ఉంటే ఏం ఫాయిదా, జేబుల చేతులు పెట్టుకొని!"

స్నేహలత దేవిక చెవి దగ్గరికి వంగింది. "దేవికా, నీకు అన్నీ వినపడుతున్నయని నాకెరుకే. నిద్ర మందు ఇస్తున్నం. భయపడకు."

ఆ వార్డులో ఏ పనైనా ముందు నోటితో చెప్పి చేయాలి.

"నోరు తెరుస్తున్న" అంది నిస్సి. "నాలుక ఎత్తుతున్న."

తర్వాత మాట లేదు.

"చెప్పు."

"ఏం కనిపిస్తలేదు మేడమ్. మొత్తం పచ్చగుంది."

స్నేహలత నిర్మలమ్మ వేళ్ల వైపు చూసింది. అవీ పచ్చగా ఉన్నాయి.

"వేపాకు పెట్టిన." నిర్మలమ్మ మంచం అంచు వదిలింది. "విషమెక్కిందా లేదా చూద్దామని. చేదు తెలుస్తలేదన్నది. ఇంకింత పెట్టిన."

మింగే బలం దేవికకు అప్పటికే పోయింది. నమిలిన ఆకు గొంతులోనే ఆగింది.

ఒంట్లో ప్రాణవాయువు తగ్గేకొద్దీ మానిటర్ కూత సన్నం నుంచి బొంగురుకు దిగుతుంది. దిగుతోంది. స్నేహలత కుడి చేయి మణికట్టు దాకా జేబులోంచి పైకి వచ్చింది.

"గొంతులకెల్లి బయటికి రా. ఇప్పుడేం చేస్తవ్?"

"సక్షన్ పెట్టి గుంజుతున్న."

పైపులో పచ్చటి ముద్ద కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. కూత ఇంకా దిగింది.

"మాస్కు పెట్టి బ్యాగు నొక్కుతున్న."

నొక్కింది. మళ్లీ నొక్కింది. కూత ఒక్క మెట్టు ఎక్కింది. స్నేహలత చేయి తిరిగి లోపలికి పోయింది.

"మళ్ల చూస్తున్న. కనిపిస్తుంది మేడమ్. దారి కనిపిస్తుంది."

"నన్ను చూడకు."

"గొట్టం పోతుంది."

ఛాతీ లేచింది. నిస్సి స్టెతస్కోపు పెట్టి రెండు పక్కలా విన్నది. "రెండు దిక్కుల గాలి పోతుంది" అని చెప్పి, అప్పుడు ఏడ్చింది. చేతులు మాత్రం బ్యాగు వదల్లేదు.

సాయంత్రానికి దేవిక ఎడమ కనురెప్ప సగం లేచింది.

వరండాలో నిర్మలమ్మ ఎవరికో చెబుతోంది. "గా చిన్న డాక్టరమ్మనే బతికిచ్చింది. పెద్దామె ఒక్క వేలు పెట్టలే. ఊకెనే నిలబడ్డది."

లోపల స్నేహలత విన్నది. కుడి జేబు అడుగున కుట్టు తెగి, వేళ్లు బయటికి వస్తున్నాయి. ఎప్పుడు తెగిందో ఆమెకు తెలియదు.