పేగు చూడనిదే చేపను నమ్మని దైవాధీనం

దైవాధీనం మనిషి మొహం చూడడు, చేప పేగు చూస్తాడు. అనంతగిరి సంతలో ఎవరు చేప కొన్నా ఆ కత్తీ, ఆ కళ్లద్దాలూ ఎక్కడినుంచో వచ్చి వాలతాయి. "ఒక్కసారి కొయ్యనియ్యమ్మా, పేగు సూసి ఇచ్చేస్తాను" అంటాడు. మిషన్ ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్లు అటెండరు. డాక్టర్లు భూతద్దంలో చూస్తుంటే వాళ్ల భుజాల మీంచి తొంగి చూసినవాడు. మనిషికి పింఛను వచ్చింది గానీ ఆ తొంగిచూపుకి విరమణ రాలేదు.

పాస్టరు ఎడ్విన్‌గారింట్లో విందు. ప్రార్థనకి అందరం కళ్లు మూసుకున్నాం. ఆమెన్ అని తెరిచేసరికి ఇతను వంటింట్లో, చేపలు శుభ్రం చేసిన బేసిను ముందు కూర్చుని ఉన్నాడు. అన్నీ కెలికి చూసి వచ్చి "పేగు పాలిపోనాది, తినకండి" అన్నాడు. అప్పటికి ఎడ్విన్‌గారు రెండో ముక్కలో ఉన్నారు.

మొన్న వేసవిలో నా చెరువులో శీలావతులు ఒంటినిండా ఎర్రపుళ్లతో తేలడం మొదలెట్టాయి. కొండ మీంచి పారే వాగు, మా గెడ్డ, దాని నీళ్లతో నిండే ఆ చెరువే నా తిండి. పుండుకి మందు వెయ్యాలని తెలియనంత తెలివితక్కువదాన్ని కాను. వైద్య శిబిరంలో పంచిన గొట్టం మాత్రలు ఇంటింటా మిగిలినవి పోగుచేసి, తవుడులో కలిపి వేశాను. మంచి మందు పారేసే అలవాటు మాకు లేదు. చేపలు నాలుగు రోజులు తేరుకున్నాయి. తర్వాత మునుపటికంటే ఎక్కువ తేలాయి.

ఆ వారం సంతలో దైవాధీనం తిన్నగా నా బుట్ట దగ్గరికే వచ్చి, అడగకుండానే ఒక చేపను కోశాడు.

"పైడమ్మప్పా, ఏటి పెట్టినావు ఈటికి?"

"నీకేటి? కొంటావా, కోసి పోతావా?"

"పేగులో మంచి క్రిములుంటాయప్పా. ఆటి బలంతోనే సేప రోగాన్ని ఆపుతాది. యాంటీబయాటిక్ పడితే ముందు అయ్యే సస్తాయి. పైన కోళ్ల షెడ్డు కడిగిన నీళ్లలోనూ అదే మందు. గెడ్డలో పారతన్నాదంతా అదే."

"క్రిముల్లో మంచియేటి? మతి పోనాదేటి నీకు?"

"నీ అంబలి కుండ సబ్బేసి తోముతావా?"

"ఎందుకు తోముతాను? పులుపు సచ్చిపోద్ది. రేపటి అంబలి పులవదు, కుళ్లుద్ది."

"సేప పేగూ ఆ కుండే."

జవాబు దొరకనప్పుడు తిట్టడం నా పద్ధతి. నా గట్టు తొక్కితే కాళ్లు విరుస్తానన్నాను. మాత్రలు మాత్రం ఆ రోజే మానేశాను. ఆ సంగతి అతనికెందుకు చెప్పాలి?

పది రోజుల తర్వాత తెల్లారి చెరువుకి వెళ్లాను. గెడ్డ నీళ్లొచ్చే కాలవకి ఎవరో రాళ్లు అడ్డం పెట్టి, కొండ ఊటను చెరువులోకి మళ్లించారు. దైవాధీనం డబ్బాతో ఏదో పోస్తున్నాడు. వలకర్ర ఎత్తాను.

"ఇసం పోస్తన్నావేట్రా?"

"పులిసిన తవుడప్పా. కుండకి తోడెట్టినట్టు."

"అడగొచ్చు కదా?"

"అడిగితే పొయ్యనిస్తావేటి?"

పొయ్యనివ్వను. కర్ర దించలేదు గానీ, కొట్టనూ లేదు. ఆ తర్వాత చేపలు తేలడం తగ్గింది.

గెడ్డ నీళ్ల గొడవ తేల్చడానికి పెట్టిన ఆ నెల గ్రామసభకి కోళ్ల షెడ్డు యజమాని జగన్నాథరావు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. దైవాధీనం బల్ల మీద రెండు పళ్లేలు పెట్టాడు. షెడ్డుకి పైన గెడ్డలో పట్టిన చేప పేగు ఒకదాంట్లో, కింద పట్టిన చేప పేగు రెండోదాంట్లో. సభ నడపడానికొచ్చిన అధికారి ముక్కు మూసుకున్నాడు. కింది పేగు ఉబ్బి, ఎర్రబారి ఉంది.

"ఈ పైడమ్మే చెరువులో మందులేసి, ఆ నీళ్లు గెడ్డలోకి వదిలి నామీద పెడుతోంది" అన్నాడు జగన్నాథరావు. "నువ్వు పేగులు చదువుతావుగా. ఆమె మందేసిందో లేదో చెప్పవయ్యా."

దైవాధీనం పైకప్పు వైపు చూశాడు. "పేగు మీద పేరు రాసుండదు బాబూ."

అతని చొక్కా జేబు ఉబ్బి ఉంది. అందులోంచి వెండిరేకు అంచు తొంగి చూస్తోంది. నా గట్టు మీద నేను పారేసిన మాత్రల అట్టలు. తవుడు పొయ్యడానికి వచ్చినప్పుడల్లా ఏరుకుపోయాడన్నమాట, అవి ఎవరి కంటా పడకూడదని.

నా తప్పు ఇంకొకడు జేబులో మోస్తుంటే కూర్చోవడం నాకు చేతకాదు. లేచాను.

"ఏసినాను బాబూ. తెలీక ఏసినాను, తెలిసి మానేసినాను. నీకు తెలిసి ఎన్నాళ్లయింది? నువ్వెప్పుడు మానేస్తావు?"

జగన్నాథరావు గుండీ సవరించుకున్నాడు. జవాబు వచ్చేదాకా ఒక్కరూ లేవలేదు. చివరికి షెడ్డు నీళ్లకి గొయ్యి తవ్విస్తాననీ, గెడ్డలోకి చుక్క వదలననీ కాగితం మీద సంతకం చేశాడు.

"ఎందుకు సెప్పేసినావప్పా? ఇన్నాళ్లూ దాసినాను కదా" అన్నాడు దైవాధీనం బయటికొచ్చాక.

నిన్నెవడు దాయమన్నాడని దారి పొడుగునా తిట్టాను. మా ఇంటి మలుపు దగ్గర, అన్నం తిని పొమ్మన్నాను.

"తిట్టడం అయిపోనాదా?"

"అవలేదు."

"అయితే తింటా ఇంటాను" అని చెప్పులు విప్పాడు.