చెప్పుల కాపలా

తల మీద బరువైన తట్ట ఉంటే దారిన పోయే మనిషినైనా పిలిచి, కాస్త చెయ్యి వేసి దించమంటాం. నా మీదున్న బరువుకు అట్లా ఎవరినీ పిలవలేకపోయాను. కట్టుకున్నవాణ్ణి పిలవలేదు. కన్నబిడ్డను పిలవలేదు. ఏళ్లకేళ్లు గడిచాయి. మెడ అలవాటు పడింది గాని బరువు తగ్గలేదు. ఇప్పుడు మిమ్మల్ని పిలుస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు వస్తోంది.

నా కూతురు సరోజ కుంటుతుంది. ఎడమకాలు సన్నగా ఉంటుంది, మడమ నేలకు పూర్తిగా ఆనదు. ఎట్లా అయిందని ఎవరడిగినా, చిన్నప్పుడు బడిలో డ్రిల్లు పీరియడ్‌లో పడిందని చెబుతాం. మా ఆయన అదే చెప్పేవాడు. చుట్టాలూ అదే చెబుతారు. అది అబద్ధం. ఆ అబద్ధం పుట్టింది నా నోట్లో.

డెబ్బైలలో మాట. అప్పటికి మేం ఊళ్లో వ్యవసాయం వదిలి గోదావరిఖని వచ్చి కొన్నేళ్లయింది. మా ఆయన బొగ్గు బాయిలో దిగి, బొగ్గు మోసే టబ్బుల బండ్లు నింపేవాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో ఉండేవాళ్లం. సరోజకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. సమ్మక్కకు మొక్కుకుంటే నిలిచిన పిల్ల ఇది. అందుకే వాళ్ల బాపుకు అది ప్రాణం. డ్యూటీ దిగి మసి మొహంతో వచ్చి, స్నానమైనా చెయ్యకుండా ముందు దాన్నే పిలిచేవాడు.

నాకేమో చెయ్యి ముందు లేస్తుంది, బుద్ధి తర్వాత లేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. గిన్నె జారితే కొట్టేదాన్ని, ఎదురు మాట్లాడితే కొట్టేదాన్ని. ఒకసారి దాని వీపు మీద నా అయిదు వేళ్లూ తేలాయి. మా ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇంకొక్కసారి బిడ్డ మీద చెయ్యెత్తితే సమ్మక్క మీద ఒట్టు, నిన్ను మీ అవ్వగారింట్లో దించి వస్తానన్నాడు. ఆయన మాట తక్కువ మనిషి. అన్నాడంటే చేస్తాడు.

ఆ తర్వాత చాలా కాలం చెయ్యి కట్టుకునే ఉన్నాను. నమ్మండి.

ఒక సాయంత్రం నల్లా దగ్గర బిందెల వరుస చూడమని సరోజను పంపాను. నీళ్లు వచ్చేది కాసేపే. అది తోటి పిల్లలతో తొక్కుడుబిళ్ల ఆడుతూ కూర్చుంది. వరుస పోయింది, నల్లా ఆగిపోయింది. ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. ఇంకాసేపట్లో మా ఆయన వస్తాడు, ఒంటి నిండా బొగ్గు, ఇంట్లో చెంబెడు నీళ్లు లేవు. కూర్చుని కూర తరుగుతున్నాను. ఒళ్లు మండింది. లేచి, కూర్చున్న పీట తీసి విసిరాను.

భయపెడదామనుకున్నానా? తగలాలనే విసిరానా? ఇప్పటికి ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. తగలకూడదని అనుకున్న మనిషి గోడ వైపు విసురుతుంది కదా.

మోకాలి కింద ఎముక మీద తగిలింది. పిల్ల గట్టిగా ఏడవలేదు. ఏడిస్తే బాపుకు తెలుస్తుందని దానికి నాకంటే ముందే తెలుసు. సున్నం, పసుపు కలిపి పట్టు వేశాను. మా ఆయన వస్తే మెట్టు తగిలిందన్నాను. అది కూడా తలూపింది.

పొద్దున చూస్తే కాలు వాచి నల్లబడింది. ఆయన అప్పటికే మొదటి షిఫ్టుకు పోయాడు. సాయంత్రం వచ్చి చూస్తాడు, దవాఖానకు తీసుకుపోతాడు, మెట్టు తగిలితే ఇట్లా కాదని డాక్టర్ అంటాడు.

అప్పుడు గుర్తొచ్చింది రాజలింగు సంగతి. మా వరుసలోనే ఉండేవాడు. క్వార్టర్ పైకప్పు సర్దుతూ జారి పడ్డాడు. ఇంట్లో పడితే కంపెనీ ఏమీ ఇవ్వదు, డ్యూటీలో దెబ్బ తగిలితే జీతం, మందులు అన్నీ ఇస్తుంది. మరునాడు ఆ నొప్పితోనే బాయిలో దిగి, ఒక టబ్బు పక్కన పడుకుని కేకలు పెట్టాడు. మనుషులు మోసుకుని పైకి తెచ్చారు. ఆ సంగతి కాలనీ అంతటికీ తెలుసు. అందరం నవ్వుకున్నాం. భలే వాడురా అన్నాం. తప్పని ఒక్కరికీ తోచలేదు. కంపెనీ ఏమైనా మన మేనమామ ఇల్లా అనుకున్నాం. మా బతుకుల్లో దెబ్బలకు రెండు జాతులుండేవి, ఇంటి దెబ్బ, డ్యూటీ దెబ్బ. ఇంటి దెబ్బకు దిక్కు లేదు.

ఆ రోజు సరోజ తరగతికి డ్రిల్లు పీరియడ్ ఉంది. పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని జడ వేస్తూ చెప్పాను. "ఇయ్యాల డ్రిల్లుల కొంచెం ఉరుకు బిడ్డా. ఉరికి పడు. గాడనే దెబ్బ తాకిందని చెప్పు. బాపుకు నా పేరు చెప్పకు."

అది నా మొహం చూసింది. "ఉరుకుతె ఇంక నొస్తది గద అవ్వా?" అంది.

నేనేమన్నానో మీకు చెప్పాలి. "జరంతనే" అన్నాను. జడకు రిబ్బను కట్టి పంపాను. వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. వెనక్కి పిలవచ్చు. పిలవలేదు.

అది చెప్పిన మాట విన్నది. ఉరికింది. అప్పటిదాకా బీట వారి ఉన్న ఎముక, ఆ ఉరుకుడుకు రెండు ముక్కలైంది. నేను వెళ్లేసరికి దవాఖానలో బల్ల మీద పడుకోబెట్టారు. పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది. నన్ను చూసి మొదట అన్నమాట, "పడ్డ అవ్వా" అని. చెప్పిన పని చేశానని చెబుతోంది. ఆ మాట ఎవరికైనా కన్నబిడ్డ ఏడుపులాగే వినబడి ఉంటుంది. నాకు ఎట్లా వినబడిందో నాకే తెలుసు.

తర్వాత అంతా నా చేతుల్లోంచి పోయింది. మా ఆయన మసి బట్టలతోనే వచ్చాడు. బిడ్డను చూసి, గోడకు తల కొట్టుకున్నాడు. కాలనీ కదిలింది. బాయిలో ఎవరికైనా దెబ్బ తగిలితే యూనియన్ వాళ్లు మేనేజర్ దగ్గరికి పోయినట్టే, జెండాలు పట్టుకుని బడి మీదికి పోయారు. డ్రిల్లు సారును తీసెయ్యాలన్నారు. నేను ఇంట్లో కూర్చుని ఆ అరుపులు విన్నాను.

డ్రిల్లు సారు కుర్రవాడు. మంథనిలో గుడి పూజ చేసుకునే ఇంటివాడు. ఇంట్లో మిగతావాళ్లు పంతుళ్లో గుమాస్తాలో అయితే, ఈయన ఈల మెడలో వేసుకుని ఆటలు నేర్పడానికి మా దగ్గరికి వచ్చాడు. నౌకరీ ఇంకా ఖాయం కాలేదు. పిల్ల ముందే కుంటుతోంది, కూర్చోమన్నాను, వినలేదని హెడ్మాస్టర్‌కు చెప్పాడట. హెడ్మాస్టర్ దవాఖానకు వచ్చి సరోజను అడిగాడు. అది నా వైపు చూసింది. తర్వాత, "సారు కూసొమ్మనలే" అంది. ఆ మాట నేను నేర్పలేదు. నేను అబద్ధం మొదలుపెట్టి ఇచ్చాను, మిగతాది అదే అల్లుకుంది.

రెండు మూడు రోజులకు ఆ సారు ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. చేతిలో బత్తాయి పండ్లు. లోపలికి రాలేదు, గడప బయటే నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట అడిగి పోత. పిల్ల గ్రౌండుకు వచ్చేటప్పుడే కుంటింది. ఇంట్ల ఏమన్న తాకిందా?"

"మా పిల్ల ఇంట్ల నుంచి మంచిగనే వచ్చింది సారూ."

"మీ మీద కోపం లేదమ్మా. ఎవరికీ చెప్పను గూడ. నేను ఈ కండ్లతోని చూసిన అనుకున్న. కూసో అని గూడ అన్న. ఇప్పుడు అందరు కాదంటున్నరు. నేను చూసింది నిజమా కాదా అని నాకే అనుమానమొస్తున్నది. తెలుస్తె చాలు."

"మీకు గట్ల కనవడ్డదేమో. నాకేం తెలుసు? పోండ్రి సారూ, మా ఆయన వస్తె ఊకోడు."

పండ్లు గడప మీద పెట్టి పోయాడు. ఎవరికీ చెప్పనన్నాడు చూడండి. ఆయనకు కావలసింది నౌకరీ కూడా కాదు. తన కళ్లు తనకు కావాలి. అవి కూడా ఇవ్వలేదు నేను. ఆ నెలలోనే పంపేశారు. ఏమయ్యాడో తెలియదు. కనుక్కున్నానా? లేదు. మంథని ఎంత దూరం, బస్సెక్కితే పూటలో పోయి రావచ్చు. ఒక్కసారీ ఎక్కలేదు.

నా తప్పు అక్కడితో ఆగి ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో. అసలు శిక్ష తర్వాత పడింది. నాకు కాదు, పిల్లకు.

కట్టు విప్పేసరికి కాలు కట్టెపుల్లలా అయింది. డాక్టర్ మంచివాడు. ఎముక అతుక్కుంది, భయం లేదు, ఇక దీన్ని ఇంట్లో కూర్చోబెట్టవద్దు, నడవాలి, మెల్లగా ఉరకాలి, డ్రిల్లుకు పంపండి, అదే దీనికి మందు అన్నాడు. నేను ఉరుకులు పరుగుల మీద బడికి పోయాను. హెడ్మాస్టర్ చేతులు జోడించాడు.

"మీ పిల్లను డ్రిల్లుకు రానిచ్చుడా? వద్దు తల్లీ. జెండలు పట్టుకొని వచ్చింది మీరే గద! మళ్ల ఏమన్న అయితె నా నౌకరీ గూడ తీస్తరా?"

డాక్టర్ చెప్పాడన్నాను. ఎవరు చెప్పినా సరే అన్నాడు. కొత్తగా వచ్చిన డ్రిల్లు సారైతే సరోజ దగ్గరికి వస్తేనే అదిరిపడేవాడు. మిగతా పిల్లలు గ్రౌండులో దిగేటప్పుడు, దాన్ని గోడ పక్కన కూర్చోబెట్టి, అందరి చెప్పులకూ సంచులకూ కాపలా పెట్టాడు. లేచి నిలబడినా ఈల ఊదేవాడు.

మా ఆయన పోయి బతిమాలాడు. బడి వల్లనే నా బిడ్డ కాలు పోయింది, ఇప్పుడు బాగు చెయ్యమంటే చెయ్యరా అని కొట్లాడాడు. ఆయన కొట్లాడిన కొద్దీ వాళ్లు ఇంకా భయపడ్డారు. పాపం, ఆయనకేం తెలుసు.

నాకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. ఇది బడిలో విరగలేదు సారూ అంటే చాలు, వాళ్ల భయం పోతుంది, పిల్ల గ్రౌండులోకి దిగుతుంది. ఆ మాట పట్టుకునే ప్రతి ఏడూ, బడి తెరవగానే హెడ్మాస్టర్ గదికి పోయేదాన్ని. గుమ్మంలో నిలబడేదాన్ని. మాట నాలుక చివరి దాకా వచ్చేది. ఆయన మొహం ఎత్తి, మళ్లీ వచ్చావా తల్లీ అన్నట్టు చూసేవాడు. ఈ ఏడన్నా రానియ్యండని దండం పెట్టి, కాదనిపించుకుని, వచ్చేదాన్ని. మొగుడు వదిలేస్తాడన్న భయమా? మొదట్లో అదే. తర్వాత్తర్వాత అది కూడా కాదు. అన్ని జెండాల తర్వాత, ఒక మనిషి నౌకరీ పోయిన తర్వాత, నేనే అని ఎట్లా చెప్పేది? ఆలస్యమైన కొద్దీ మాట లావెక్కింది, గొంతులో పట్టకుండా పోయింది.

ఇంటి దగ్గర ఉరికిద్దామని చూశాను. కాలనీ వెనక ఖాళీ జాగాకు తీసుకుపోయి ఉరకమన్నాను. నాలుగడుగులు వేసి నిలబడిపోయేది. "ఒక్కదాన్ని ఉరుకుడు సిగ్గైతది అవ్వా" అనేది. కొంగు నడుముకు దోపి నేనూ ఉరికాను. నన్ను చూసి ఎవరో నవ్వారు. అది ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

ఒకసారి డ్రిల్లు పీరియడ్ వేళకు బడి ప్రహరీ బయట నిలబడి చూశాను. పిల్లలు వరుసల్లో చేతులు ఎత్తుతున్నారు, దించుతున్నారు. సరోజ గోడ పక్కన చెప్పుల మధ్య కూర్చుని, ఎవరి జత వాళ్లది సర్దుతోంది. సర్దడం అయిపోయాక, కూర్చున్న చోటే చేతులు ఎత్తింది. దించింది. వాళ్లతో సమంగా. నేను అక్కడ ఉండలేకపోయాను.

కాలు అట్లాగే ఉండిపోయింది. మా ఆయన పోయేదాకా ఆ డ్రిల్లు సారును తిడుతూనే ఉన్నాడు. నా బిడ్డ ఉసురు తగలకపోదని అనేవాడు. ఆయన తిట్టినప్పుడల్లా నేను పొయ్యి దగ్గరికో నీళ్ల దగ్గరికో లేచిపోయేదాన్ని. ఆ తిట్లు తప్పుడు ఇంటికి పోవు, మా ఇంటికే వస్తాయని నాకు తెలుసు.

సరోజకు ఇప్పుడు ఒక ఆడపిల్ల. ఈ మధ్య అది నా ఒళ్లో కూర్చుని, వాళ్ల అవ్వ కాలు ఎందుకట్ల ఉందని నన్ను అడిగింది. నోరు తెరిచాను. ఈసారి చెబుదామనే తెరిచాను. లోపల బియ్యం ఏరుతున్న సరోజ అక్కడి నుంచే అందుకుంది. "డ్రిల్లుల పడ్డ బిడ్డా" అంది. నా వైపు చూడలేదు. చెయ్యి ఆగలేదు.

మరిచిపోయిందా? చెప్పగా చెప్పగా దానికి అదే నిజమైపోయిందా? లేక ఆ రోజు జడ వేస్తూ చెప్పిన మాటకు ఇంకా కట్టుబడి ఉందా? అడిగితే తెలుస్తుంది. అడగలేను. మరిచిపోతే గుర్తు చేసిన పాపం, మరవకపోతే ఇన్నేళ్లు మోయించిన పాపం. ఏదైనా నాదే.

మీరు నన్ను క్షమించనక్కరలేదు. క్షమించే హక్కు మీకు లేదు, ఉన్నవాళ్లను అడిగే మొహం నాకు లేదు. ఆ హెడ్మాస్టర్ గుమ్మంలో చెప్పకుండా తిరిగొచ్చిన మాటను ఒక్కసారి, ఎక్కడైనా, పూర్తిగా చెప్పాలి. అంతే. చెబుతున్నాను.

మా పిల్ల కాలు బడిల ఇరగలే సారూ. ఇంట్ల ఇరిగింది. నేనే ఇరగ్గొట్టిన. దాన్ని డ్రిల్లుకు రానియ్యుండ్రి.