రీలులో మిగిలిన ఒక్క ఫోటో

ఆదోనిలో ఒక స్టూడియో అద్దాల బీరువాలో పాత రీలు కెమెరా చూసి ఆగిపోయాను. నల్లటి రీలు డబ్బాల్లో బలపాలు దాచుకున్న మనవాళ్లకు గుర్తుంటుంది. కంటికి కనిపించిందే రీలులో పడే కెమెరా అది.

పెద్దకడుబూరులో మా చిన్నాన్న పెళ్లికి అలాంటిదే వచ్చింది. చివరికి ఒక్క ఫోటో మిగిలితే, అవ్వ కొత్త చీర సర్దుకుని కుర్చీలో కూర్చుంది. నేను ఏడుపు లంకించుకున్నాను.

"పాపదే తియ్యప్పా, నాదేముందిలే" అని లేచి, నన్ను కుర్చీ మీద నిలబెట్టి, పట్టుకుని వెనక నక్కింది.

కెమెరా అన్న కన్ను ఆనించి, "అవ్వా, నీ చెయ్యి కనపడతాంది" అన్నాడు.

"కనపడనీలేప్పా. ఇడిస్తే పడిపోతాది."

అవ్వ పోయినప్పుడు ఆమె ఫోటో కోసం ఇల్లంతా వెతికితే ఆ చెయ్యి ఒక్కటే దొరికింది. ఆ ఫోటోకు దండ వేయలేం. అందులో నవ్వుతున్నది నేను.